‘సత్వరమే’ అంటే ఎన్ని గంటలు?

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి బస్టాండుకు దగ్గరలో నేను పదిహేనేళ్లుగా ఇంటర్నెట్ సెంటరు నడుపుతున్నాను. దర్శనం టికెట్ల ప్రింటు, ఆధార్ జిరాక్సు, రైలు రిజర్వేషన్ వంటి పనుల మీద రోజూ యాత్రికులు వస్తుంటారు. నకిలీ వెబ్‌సైట్లలో డబ్బు పోగొట్టుకున్నవారి గురించి మీ పత్రికలో తరచుగా వార్తలు వస్తున్నాయి. అయితే ఆ వార్తలు మోసగాడి తెలివి దగ్గరో, మోసపోయినవారి అమాయకత్వం దగ్గరో ఆగిపోతున్నాయి. ఆ రెంటికీ నడుమ, నకిలీ వెబ్‌సైటు పేరును, అంటే దాని చిరునామాను, అమ్మి, నమోదు చేసి, ఫిర్యాదు అందిన తరువాత కూడా రోజుల తరబడి దాన్ని నిలబెట్టి ఉంచే వ్యవస్థ ఒకటి ఉంది. దాని గురించే, ఫిర్యాదుపై ‘సత్వరమే’ చర్య అని రాసి గడువు చెప్పని దాని నియమం గురించే ఈ ఉత్తరం.

కిందటి వేసవిలో ఒక పొద్దున పార్వతీపురం వైపు నుంచి వృద్ధ దంపతులు నా దుకాణానికి వచ్చారు. పెద్దాయన చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. ఊళ్లో ఒక అబ్బాయి ఫోనులో బుక్ చేసి, ప్రింటు తీయించి ఇచ్చాడట. పైన స్వామివారి బొమ్మ, దేవస్థానం ముద్ర, దాని కింద 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు రెండు, ఒక గది, అడుగున బార్‌కోడ్ లాంటి గీతలు. స్కానింగ్ దగ్గర అది చెల్లదని చెప్పి వెనక్కి పంపేశారు. “బాబూ, ప్రింటులో ఏదో తప్పు పడిందేమో, మళ్లీ ఒకసారి తీసి ఇయ్యి” అని ఆయన అడిగారు. తప్పు ప్రింటులో లేదు, కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న వెబ్ చిరునామాలో ఉంది. చుక్కలు ఉండవలసిన చోట అడ్డగీతలున్నాయి, చివర ‘గవ్ డాట్ ఇన్’ ఉండవలసిన చోట ‘డాట్ కామ్’ ఉంది. సంగతి చెప్పాక ఆ పెద్దావిడ ఏమీ మాట్లాడలేదు. కొంగు ముడి విప్పి, తిరుగు ప్రయాణానికి ఎంత మిగిలిందో లెక్క పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం దుకాణం కట్టేసే వేళకు ఆ పేరు నమోదు వివరాలు వెతికాను. అది ఎవరైనా చూడగలిగే రికార్డే. పేరు నమోదై అప్పటికి తొమ్మిది రోజులే అయింది. యజమాని పేరు, ఊరు, ఫోను అన్నిటి దగ్గరా గోప్యత కోసం దాచినట్టు రాసి ఉంది. పేరు అమ్మిన రిజిస్ట్రార్ ఒక విదేశీ కంపెనీ. దుర్వినియోగంపై ఫిర్యాదులకు ఒక ఫారం పెట్టింది. ఆ కాగితం ఫొటో, నకిలీ పేజీ స్క్రీన్‌షాట్లు, డబ్బు ఒక వ్యక్తిగత యూపీఐ ఐడీకి వెళ్లినట్టు చూపే రసీదు, వాటి పక్కన దేవస్థానం అసలు చిరునామా, అన్నీ జతచేసి పంపాను. ఫిర్యాదు అందిందని ఒక నంబరుతో నిమిషంలో జవాబు వచ్చింది. నాలుగో రోజున, అంతకు ముందే పంపిన స్క్రీన్‌షాట్లు మళ్లీ పంపమన్నారు. పంపాను. పదకొండో రోజున, ఆ వెబ్‌సైటు తమ సర్వర్లలో లేదు కనుక దాన్ని తన సర్వర్లలో నడిపే హోస్టింగ్ కంపెనీని సంప్రదించమని రాశారు. హోస్టింగ్ కంపెనీవారేమో పేరు తమ దగ్గర కొన్నది కాదు, రిజిస్ట్రార్‌నే అడగమన్నారు. పందొమ్మిదో రోజున ఆ పేజీ తెరుచుకోలేదు. ఎవరో చర్య తీసుకున్నారనుకుని సంతోషించాను. తీరా చూస్తే అదే పేజీ, అదే బొమ్మ, ఒక్క అక్షరం తేడాతో మరో పేరు మీద అప్పటికే నడుస్తోంది. పాతదాన్ని మోసగాళ్లే వదిలేసి వెళ్లారు.

ఇది నా ఒక్కడికి ఎదురైన సంగతి కాదు. దేవస్థానం పేరుతో నడిచిన 40 నకిలీ వెబ్‌సైట్లపై కేసులు పెట్టిన తరువాత, 2023 ఏప్రిల్‌లో 41వది బయటపడింది. అప్పటి అధికారిక చిరునామా ‘తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’. నకిలీది ‘తిరుపతిబాలాజీ హైఫన్ ఏపీ హైఫన్ గవ్ డాట్ ఆర్గ్’. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, డొమైన్ పేరులో ఇంటిపేరు చివర ఉంటుంది. ‘గవ్ డాట్ ఇన్’ అనే ఇంటిపేరు ప్రభుత్వ సంస్థలకు తప్ప మరొకరికి దొరకదు. ‘డాట్ ఆర్గ్’, ‘డాట్ కామ్’ డబ్బు కట్టిన వారందరికీ దొరుకుతాయి. చివర నుంచి చదవాలని నా దగ్గరికి వచ్చేవారికి ఓపిగ్గా చెబుతూనే ఉన్నాను. కానీ చిన్న ఫోను తెరమీద ఆ చివరి భాగం సరిగా కనిపించదు కూడా. దానికి తోడు, దేవస్థానం అధికారిక చిరునామా కూడా నిలకడగా లేదు. మొదట సేవాఆన్‌లైన్ పేరుతో ఒక డాట్ కామ్, తరువాత పైన చెప్పిన తిరుపతిబాలాజీ, 2024 జనవరి నుంచి ‘టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’. చిరునామా మారిన ప్రతిసారీ పాత పేరుకు అలవాటు పడిన భక్తుడు కొత్తదాని కోసం వెతుకుతాడు, ఆ వెతుకులాటలోనే నకిలీ పేరు అతనికి తగులుతుంది.

ఇక ఈ పేర్ల వ్యాపారం నడిచే తీరు చెబుతాను. ప్రపంచంలోని డాట్ కామ్, డాట్ ఆర్గ్ వంటి పేర్ల వ్యవస్థకు పై సంస్థ ఐకాన్. 1998లో కాలిఫోర్నియాలో ఏర్పడిన లాభాపేక్ష లేని సంస్థ. డాట్ కామ్ వంటి ఒక్కో ముగింపుకూ, దాని కింది పేర్ల పట్టికను నిర్వహించే ఒక రిజిస్ట్రీ ఉంటుంది. 15 కోట్లకు పైగా పేర్లున్న డాట్ కామ్‌కు వెరిసైన్ రిజిస్ట్రీ. ఐకాన్ గుర్తింపు పొందిన రిజిస్ట్రార్లు ఆ పేర్లను ప్రజలకు అమ్ముతారు, చాలాసార్లు వారి కింద రీసెల్లర్లు కూడా ఉంటారు. ప్రతి నమోదుకూ, రెన్యువల్‌కూ ఐకాన్‌కు చిన్న రుసుము చేరుతుంది. చాలాకాలం 18 అమెరికన్ సెంట్లు ఉండేది, 2025 జూలై నుంచి 20 అయింది. అంటే ఆ దంపతులను ముంచిన పేరు అమ్ముడైనప్పుడు కూడా పై నుంచి కిందిదాకా ఎవరి వాటా వారికి అందింది. డబ్బు ఇంత క్రమంగా అందరికీ చేరే చోట బాధ్యత మాత్రం ఎవరి దగ్గరా ఆగకుండా చేతులు మారుతోంది. రిజిస్ట్రార్ హోస్టింగ్‌ను చూపిస్తాడు, హోస్టింగ్ రిజిస్ట్రార్‌ను చూపిస్తుంది, ఐకాన్ తనకు వెబ్‌సైట్లలోని విషయంతో సంబంధం లేదని, ఒప్పందాలు అమలవుతున్నాయా లేదా అన్నదే చూస్తానని చెబుతుంది.

ఈ జాప్యం నిన్న మొన్న పుట్టింది కాదు. ఎస్టోనియాతో ముడిపడిన ఎస్ట్‌డొమైన్స్ అనే రిజిస్ట్రార్ ఉదంతం తెలిసినవారికి ఇది అర్థమవుతుంది. ఆ కంపెనీ అధ్యక్షుడు వ్లాదిమిర్ త్సాస్ట్సిన్‌కు క్రెడిట్ కార్డు మోసం, మనీ లాండరింగ్, పత్రాల ఫోర్జరీ నేరాలపై 2008 ఫిబ్రవరిలో ఎస్టోనియా కోర్టు శిక్ష విధించింది. రిజిస్ట్రార్ కంపెనీ అధికారుల్లో ఎవరికైనా ఇలాంటి నేరంలో శిక్ష పడితే గుర్తింపు రద్దు చేసే అధికారం, రిజిస్ట్రార్లతో అప్పటి ఒప్పందంలోనే ఐకాన్‌కు ఉంది. అయినా రద్దు నోటీసు వెలువడింది అక్టోబరు 28న, ఆ వ్యక్తి చరిత్రను పత్రికలు బయటపెట్టిన తరువాత. దాని మీద అభ్యంతరం, పరిశీలన, చివరికి నవంబరులో రద్దు. సుమారు 2,81,000 పేర్లు అప్పటికి ఆ కంపెనీ చేతిలో ఉన్నాయి. వాటిని మన ముంబయికి చెందిన డైరెక్టి సంస్థకు అప్పగించారు. కోర్టు తీర్పుకూ గుర్తింపు రద్దుకూ నడుమ తొమ్మిది నెలలు గడిచాయి.

తరువాతి కథ ఇంకా బాధాకరం. అదే వ్యక్తి, వెబ్ చిరునామాను బట్టి సరైన సర్వరుకు చేర్చే డీఎన్ఎస్ సెట్టింగులను కంప్యూటర్లలో దొంగచాటుగా మార్చి జనాన్ని తప్పుదారి పట్టించే ‘డీఎన్ఎస్ ఛేంజర్’ ముఠాకు నాయకుడిగా 2011 నవంబరులో ఎస్టోనియాలో అరెస్టయ్యాడు. వందకు పైగా దేశాల్లో సుమారు 40 లక్షల కంప్యూటర్లు ఆ ముఠా బారిన పడ్డాయి. 2012 జూలై 9న ఎంతోమందికి ఇంటర్నెట్ ఆగిపోతుందని మన పత్రికల్లో కూడా వచ్చిన హెచ్చరికలు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. దాని మూలం ఇదే. 2016లో అమెరికా కోర్టు అతనికి ఏడేళ్ల మూడు నెలల జైలు శిక్ష వేసింది. 2008లో ఐకాన్ చురుగ్గా ఉండి ఉంటే ఆ ముఠా పుట్టేదే కాదని నేను చెప్పడం లేదు. కానీ శిక్ష పడిన మనిషి అధిపతిగా ఉన్న కంపెనీ ఆ తరువాత కూడా నెలల తరబడి పేర్లు అమ్ముకోగలిగింది. కాపలాదారు తన పుస్తకంలో ఉన్న నియమాన్ని తానే ఆలస్యంగా తెరిచి చూశాడన్నది దీన్నిబట్టి తెలుస్తూనే ఉంది.

ఐకాన్‌కు చేతకాదా అంటే, అదీ కాదు. దానికి రుజువు కూడా చరిత్రలోనే ఉంది. ఒకప్పుడు పేరు నమోదు చేసుకుని ఐదు రోజుల్లోగా రద్దు చేసుకుంటే డబ్బంతా వాపసు వచ్చేది. పొరపాటున తప్పు స్పెల్లింగుతో కొన్నవారి కోసం పెట్టిన సౌకర్యం అది. దాన్ని అడ్డం పెట్టుకుని కొందరు లక్షల పేర్లు ఉచితంగా తీసుకుని, ఐదు రోజులు ప్రకటనలు నడిపి, డబ్బు రానివాటిని వదిలేసేవారు. డొమైన్ టేస్టింగ్ అని దీనికి పేరు. 2006 ఏప్రిల్ ఒక్క నెలలో నమోదైన సుమారు మూడున్నర కోట్ల పేర్లలో నిలిచినవి 20 లక్షల పైచిలుకేనని ఒక పెద్ద రిజిస్ట్రార్ అధిపతి అప్పట్లో బాహాటంగా రాశారు. అందరి కళ్లముందూ జరుగుతున్న ఈ తంతు మీద కమిటీలు, నివేదికలు, అభిప్రాయ సేకరణలతో ఏళ్లు గడిచాయి. చివరికి 2008 మధ్యలో, పరిమితికి మించి రద్దు చేసే ప్రతి పేరుకూ 20 సెంట్ల రుసుము వాపసు ఇవ్వబోమని నిర్ణయించారు. 2009 ఏప్రిల్‌లో మరింత గట్టి నిబంధన వచ్చింది. ఆ పది నెలల్లో ఇలాంటి రద్దులు 99.7 శాతం తగ్గాయని ఐకాన్ స్వయంగా ప్రకటించింది. ఇంత చిన్న మార్పులతో తీరిన సమస్య కోసం అన్నేళ్లు ఎందుకు ఆగవలసి వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఇప్పటి ఒప్పందాలకు వస్తాను. రిజిస్ట్రార్లతో ఐకాన్ చేసుకున్న 2013 ఒప్పందం ప్రకారం రిజిస్ట్రార్ దుర్వినియోగ ఫిర్యాదులపై తగిన చర్యలు ‘సత్వరమే’ తీసుకుని విచారించాలి. విచారించాలన్నారే తప్ప, పేరును ఆపి తీరాలని అనలేదు. ఆ లోటు పూడ్చడానికి 2024 ఏప్రిల్ 5 నుంచి సవరణలు అమల్లోకి వచ్చాయి. మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్), బాట్‌నెట్ (దొంగలు వశం చేసుకున్న కంప్యూటర్ల గుంపు), ఫిషింగ్ (నకిలీ పేజీతో వివరాలు కాజేయడం), ఫార్మింగ్ (అసలు చిరునామా కొట్టినా నకిలీ పేజీకి మళ్లించడం), వీటిని మోసుకొచ్చే స్పామ్ (అడగని సందేశాల వెల్లువ), ఈ ఐదింటిలో దేనికైనా పేరు వాడుతున్నట్టు తగిన ఆధారం దొరికితే దాన్ని ఆపేందుకు లేదా అడ్డుకునేందుకు రిజిస్ట్రార్ ఇప్పుడు చర్య తీసుకోవాల్సిందే, ఫిర్యాదు అందినట్టు చెప్పాల్సిందే. ఇది నిజంగా మంచి మార్పు, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. అయితే ఆ చర్య ఎప్పటిలోగా అన్న చోట మళ్లీ అదే మాట, ‘సత్వరమే’. గంటలు లేవు, రోజులు లేవు. సత్వరం కాలేదని ఐకాన్‌కు ఫిర్యాదు చేస్తే, విచారణ లేఖలు ఒకదాని తరువాత ఒకటి వెళతాయి. చివరికి ఉల్లంఘన నోటీసు దాకా వచ్చినా, సరిదిద్దుకోవడానికి రిజిస్ట్రార్‌కు 21 రోజుల గడువు ఉంటుంది. దర్శనం టికెట్ల నకిలీ పేజీ ఆయుష్షు అంత ఉండదు. ఈ లేఖలూ గడువూ ముగిసేలోపే అది తన పని ముగించుకుని వెళ్లిపోతుంది.

గంటల లెక్క ఉన్న చోటు ఒకటుంది. పోలీసుల వంటి అధికార సంస్థలు పంపే ఫిర్యాదును, చర్య తీసుకోగల ఉద్యోగి 24 గంటల్లోగా పరిశీలించాలని అదే ఒప్పందంలో రాశారు. కానీ ఆ అధికార సంస్థ, రిజిస్ట్రార్ నెలకొన్న దేశపు లేదా అతని కార్యాలయం ఉన్న దేశపు ప్రభుత్వం నియమించినదై ఉండాలి. అంటే తిరుపతి పోలీసులు పంపే లేఖకు, మన దేశంలో ఆఫీసు లేని రిజిస్ట్రార్ దగ్గర ఆ 24 గంటల నియమం వర్తించదు. మోసం జరిగేది ఇక్కడ, పోయే డబ్బు ఇక్కడిది, ఏడ్చేవారు ఇక్కడివారు, గడియారం మాత్రం అక్కడి పోలీసులకే తిరుగుతుంది. ఈ నిబంధన ఒక్కటి మారినా ఎంతో మేలు జరుగుతుంది.

తొందరపాటు వల్ల ప్రమాదం లేదా అని అడిగేవారున్నారు. ఉంది. ఎవరో ఒకరు ఫిర్యాదు చేయగానే పేరు ఆపేస్తే, గిట్టనివారు పత్రికల వెబ్‌సైట్లను, చిన్న వ్యాపారులను, ప్రభుత్వాన్ని ప్రశ్నించేవారిని ఇదే దారిలో మూయించవచ్చు. ఎన్నో ఏళ్లుగా నిజాయితీగా నడుస్తున్న ఒక బడి వెబ్‌సైటులోకి దొంగలు చొరబడి ఒక మూల నకిలీ పేజీ పెడితే, మొత్తం పేరును ఆపడం ఆ బడికి అన్యాయం. అందుకే అన్ని ఫిర్యాదులకూ ఒకే గడువు పెట్టాలని నేను కోరడం లేదు. నెల రోజుల్లోపు నమోదైన పేరు, అందులో ప్రభుత్వ సంస్థనో దేవాలయాన్నో బ్యాంకునో అనుకరించే అక్షరాలు, దాని పేజీలో డబ్బు కట్టమనే ఏర్పాటు, ఈ మూడూ కలిసి ఉన్నప్పుడు, అసలు సంస్థ స్వయంగా ధ్రువీకరించిన ఫిర్యాదు అందితే 24 గంటల్లో ఆ పేరును హోల్డ్‌లో పెట్టాలి. హోల్డ్ అంటే తాత్కాలికంగా నిలపడమే, రద్దు కాదు. కొన్నవాడు తానెవరో రుజువు చూపిస్తే అదే రోజు తెరవవచ్చు. నిజాయితీపరుడికి దాని వల్ల పోయేది ఒక పూట. మోసగాడు రుజువు చూపడానికి రాడు.

మన దేశంలో పని వేగంగా జరగదని కూడా అనలేం. సైబర్ మోసంలో డబ్బు పోతే 1930కి ఫోను చేయగానే ఆ సొమ్ము చేతులు మారకముందే బ్యాంకుల్లో ఆపే ఏర్పాటు ఉంది. నా దుకాణం నుంచే చాలామంది చేత ఆ ఫోను చేయించాను, కొందరికి డబ్బు దక్కింది. సైబర్ దాడి జరిగితే 6 గంటల్లో తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ఇన్ 2022 ఏప్రిల్‌లో సంస్థలన్నిటినీ ఆదేశించింది. దాడికి గురైనవారికి గంటల లెక్కన గడువు పెట్టగలిగినప్పుడు, దాడికి వాడిన పేరును అమ్మినవారికి ఎందుకు పెట్టలేం? డబ్బు ఆపడానికి ఒక నంబరు ఉంది, ఆ డబ్బు లాగుతున్న పేరును ఆపడానికి సామాన్యుడి చేతిలో ఏ నంబరూ లేదు.

హైదరాబాదులోనే మంచి ఉదాహరణ ఒకటుంది. బ్యాంకుల పేరుతో నకిలీలు పెరిగిపోవడంతో రిజర్వు బ్యాంకు ‘బ్యాంక్ డాట్ ఇన్’ అనే ప్రత్యేక ముగింపును 2025 ఫిబ్రవరిలో ప్రకటించి, అక్టోబరు 31లోగా బ్యాంకులన్నీ దానికి మారాలని చెప్పింది. ఆ పేర్లు ఇచ్చే ఏకైక రిజిస్ట్రార్, రిజర్వు బ్యాంకు స్థాపించిన హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ అనే పరిశోధన సంస్థ. బ్యాంకు కానివారికి ఆ పేరు అమ్మే ప్రశ్నే లేదు కనుక, నకిలీ పుట్టాక వెంటపడి తరమవలసిన అవసరం ఆ ముగింపు కింద రాదు. తిరుమల, శ్రీశైలం, యాదగిరిగుట్ట, భద్రాచలం వంటి క్షేత్రాల సేవలన్నిటికీ ఇటువంటి కట్టుదిట్టమైన ఒకే ముగింపు, మళ్లీ మళ్లీ మారని చిరునామాలు ఇవ్వడానికి రెండు తెలుగు రాష్ట్రాల దేవాదాయ శాఖలు, డాట్ ఇన్‌ను నిర్వహించే నిక్సీ కలిసి కూర్చుంటే చాలు. నిక్సీ తన డాట్ ఇన్ పేర్లు కొనేవారి గుర్తింపు పరిశీలనను కూడా ఇంకా గట్టిగా అమలు చేయాలి. డాట్ కామ్, డాట్ ఆర్గ్ మన చేతిలో లేవు. వాటి విషయంలో ఐకాన్‌లోని ప్రభుత్వాల సలహా సంఘంలో మన దేశానికి స్థానం ఉంది కనుక, ‘సత్వరమే’ అన్న మాటకు గంటలు రాయించాలనీ, బాధితుల దేశపు పోలీసుల ఫిర్యాదుకు కూడా 24 గంటల నియమం వర్తింపజేయాలనీ మన ప్రతినిధులు అక్కడ గట్టిగా పట్టుబట్టాలి. మన ఎంపీలు ఈ విషయాన్ని పార్లమెంటులో అడగాలి.

చివరగా మీకు ఒక విన్నపం. ప్రతి నెలా దర్శనం టికెట్ల కోటా విడుదల వార్తను మీరు మొదటి పేజీలోనో జిల్లా పేజీలోనో వేస్తారు. ఆ రోజే నకిలీ పేజీలకు గిరాకీ ఎక్కువ. ఆ వార్త పక్కన దేవస్థానం అధికారిక చిరునామాను పెద్ద అక్షరాలతో, ‘ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ అన్న చివరి భాగం కింద గీత గీసి, తప్పకుండా ప్రచురించండి. ఆ ముక్క కత్తిరించి నా దుకాణం అద్దానికి అంటించుకుంటాను. పార్వతీపురంలో ఫోను పట్టుకుని కూర్చునే ఆ అబ్బాయి కూడా అది చూడగలిగితే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక ఇంటర్నెట్ సెంటరు నిర్వాహకుడు,
తిరుపతి